కాలువ మోసిన బరువు

ధవళేశ్వరం ఆనకట్ట 1847లో మొదలై 1852లో పూర్తయింది. బెజవాడ దగ్గర కృష్ణ మీద ఆనకట్ట 1855 నాటికి లేచింది. ఈ రెండింటి గురించి తెలుగునాట చెప్పుకునేదంతా సాగునీటి కథే. 1833 నాటి నందన కరువు, దాని తర్వాత పాడుబడిన డెల్టా, ఆర్థర్ కాటన్ పట్టుదల, ఆపైన పచ్చబడిన చేలు. ఆ కథ అబద్ధం కాదు, కానీ సగమే. ఆనకట్టల నుంచి తవ్విన పెద్ద కాలువలు చేలకు నీళ్లు పెట్టడానికి ఎంతగా పనికొచ్చాయో, పడవలు నడవడానికీ అంతగా పనికొచ్చాయి. ఇరవయ్యో శతాబ్దం మొదటికి గోదావరి డెల్టాలో ఐదు వందల మైళ్లకు దగ్గరగా పడవలు తిరిగే కాలువలున్నాయి. ఏలూరు కాలువ గోదావరిని కృష్ణతో కలిపింది. కృష్ణ దాటాక కొమ్మమూరు కాలువ పెదగంజాం దాకా తీసుకుపోయేది. అక్కడ బకింగ్‌హాం కాలువ అందుకుని తీరం వెంట మద్రాసు మీదుగా మరక్కాణం వరకూ సాగేది. కాకినాడలో పడవకెత్తిన బియ్యం బస్తా ధవళేశ్వరం దగ్గర ఒక నదిని, బెజవాడ దగ్గర ఇంకో నదిని దాటి, సముద్రం మీదికి పోకుండా, బండి ఎక్కకుండా మద్రాసులో దిగగలిగేది. దారి పొడవునా ఒక్క బొగ్గు ముక్క, ఒక్క చుక్క చమురు ఖర్చయ్యేది కాదు.

ఈ సంగతి ఇప్పుడు ఎందుకు తవ్వాలంటే, చమురు, బొగ్గు వాడకం తగ్గాలనే చర్చ వచ్చినప్పుడల్లా అది చివరికి మనిషి నడవడిక మీదికే మళ్లుతోంది కనుక. ఏసీ కట్టెయ్యి, సైకిలెక్కు, ఉన్నదాంతో సరిపెట్టుకో. ఈ మాటలు చెడ్డవి కావు. అయితే వాటి వెనకాల ఒక నమ్మకం ఉంది: మన తాత ముత్తాతలు కోరికలు చంపుకుని బతికారు గనకే ఇంధనం తక్కువ ఖర్చయింది, మనం ఆశపోతులం గనక ఎక్కువవుతోంది అని. డెల్టా కాలువల చరిత్ర ఈ నమ్మకాన్ని నిలబడనివ్వదు. పాలకొల్లు వర్తకుడు లాభం వదులుకోలేదు, కోనసీమ రైతు త్యాగం చేయలేదు. వాళ్లూ సరుకు పంపారు, తెప్పించుకున్నారు, పెళ్లిళ్లకూ తిరునాళ్లకూ వెళ్లారు. ఇంధనం అక్కర్లేకుండా అవన్నీ జరగడానికి కారణం, అందరికంటే చవకైన దారి నీళ్ల మీద ఉండటం. ఆ దారిని ఎవరి మంచితనమూ తవ్వలేదు, ప్రజల శిస్తు సొమ్ముతో సర్కారు తవ్వించింది. పొదుపుగా బతకడం మనుషుల గుణం కంటే ముందు ఊళ్ల మధ్య ఉన్న ఏర్పాటు అన్నదే నేను చెప్పబోయేది.

నీటి మీద బరువు ఎందుకు తేలికవుతుందో కొంచెం చూడాలి. కచ్చా బాట మీద ఒక జత ఎద్దులు అర టన్ను నుంచి ఒక టన్ను దాకా లాగుతాయి; వానాకాలం నల్లరేగడి బురదలో అదీ ఉండదు. కదలని నీటిమీద గట్టున నడుస్తూ ఇద్దరు ముగ్గురు మనుషులు పది ఇరవై టన్నుల పడవను లాక్కుపోగలరు. కిటుకు నెమ్మదిలో ఉంది. పడవ వేగం సగానికి తగ్గితే నీరు ఎదురొడ్డే బలం దాదాపు నాలుగో వంతుకు పడిపోతుంది. మనిషి నడిచే వేగంతో పోతే ఎంత పెద్ద బరువైనా చిన్న శక్తికి లొంగుతుంది. గాలి అనుకూలిస్తే తెరచాప ఎత్తేవాళ్లు, లోతు తక్కువైన చోట గెడ వేసేవాళ్లు, రెండూ కుదరనప్పుడు కొయ్యకు తాడు కట్టి గట్టు మీద నుంచి లాగేవాళ్లు. ఎత్తుపల్లాల సంగతి లాకులు చూసుకునేవి. ఎగువ తలుపులు తెరిచి పడవను లాకులోకి తెస్తారు, ఆ తలుపులు మూస్తారు, దిగువ తలుపుల అడుగున ఉన్న తూములు ఎత్తుతారు. లోపలి నీరు బుసబుసలాడుతూ బయటికి పోతుంటే పడవ గోడ వెంట నెమ్మదిగా కిందికి దిగుతుంది. పడవవాళ్లు తాడు వదులు చేస్తూ ఉంటారు. రెండు వైపులా నీరు సమానమయ్యాక మాత్రమే దిగువ తలుపులు కదులుతాయి, అప్పటిదాకా ఎంతమంది తోసినా కదలవు. టన్నుల బరువు కొన్ని అడుగుల కిందికి దిగింది, లేదా ఎదురు దిక్కున వస్తే పైకి లేచింది. పని చేసింది ఎలాగూ పల్లానికి పోవలసిన నీరే. దుగ్గిరాల లాకుల పేరు వినేవాళ్లలో చాలామందికి ఆ మాట ఒక స్థలానికి గుర్తు మాత్రమే. అక్కడ ఇంత తెలివైన యంత్రం పనిచేసేదని గుర్తులేదు.

కాటన్‌కు ఈ లెక్క బాగా తెలుసు. రైళ్లా కాలువలా అన్న వాదంలో ఆయన జీవితాంతం కాలువల పక్షం. హిందూదేశానికి కావలసింది నీటి రవాణా అని, రైళ్లు కావలసినంత సరుకును కావలసినంత చవకగా మోయలేవని 1872లో బ్రిటిష్ పార్లమెంటు కమిటీ ముందు గట్టిగానే వాదించాడు. రమేశ్ చంద్ర దత్తు తన ఆర్థిక చరిత్రలో ఆ వాదాన్ని ఎత్తి చూపాడు. రైలు కంపెనీలకు నష్టం వచ్చినా వడ్డీ కట్టిపెడతామని సర్కారు హామీ ఇచ్చిందనీ, ఆ వడ్డీ హిందూదేశపు పన్నుల్లోంచే పోయిందనీ గుర్తుంచుకుంటే కాటన్ కోపం అర్థమవుతుంది. అలాగని ఆయన చెప్పిందంతా వేదం కాదు. డెల్టాలో కుదిరింది కదా అని అన్నిచోట్లా కుదురుతుందనుకున్నాడు. గోదావరి ఎగువన దుమ్ముగూడెం దగ్గర అడ్డుకట్టలతో నాగపూరు పత్తిని నదిమీద దించాలన్న పథకానికి చాలా సొమ్ము పోసి 1871లో వదిలేశారు. తుంగభద్ర మీద సుంకేసుల నుంచి కడప దాకా మద్రాసు ఇరిగేషన్ కంపెనీ తవ్విన కాలువ సాగుకూ పడవలకూ కలిపి తలపెట్టిందే, కంపెనీ దివాళా దారి పట్టి 1882లో సర్కారు దాన్ని కొనుక్కోవలసి వచ్చింది. రాతినేలలో, వాలు ఎక్కువైన చోట, ఏటిలో నీరు కొద్ది నెలలే ఉండే చోట కాలువ రైలుతో పోటీపడలేదు. బల్లపరుపు డెల్టాలో పోటీపడింది. నేల తీరును బట్టి మారే పరిష్కారాలివి. దేశమంతటికీ ఒకే మందు రాయబోతే కాటన్ అంతటివాడే బోల్తాపడ్డాడు.

బొగ్గు తెలుగు నేలమీదికి వచ్చిన కాలం దాదాపు ఇదే. ఇల్లెందు దగ్గర బొగ్గుపొరలను 1871లో భూగర్భ సర్వే అధికారి విలియం కింగ్ గుర్తించాడు. 1889లో తవ్వకం మొదలైంది, అదే ఏడు నిజాం రైలు మార్గం బెజవాడను తాకింది. 1899లో బెజవాడ నుంచి మద్రాసుకు రైలు కలిసింది, 1900లో రాజమండ్రి దగ్గర గోదావరి మీద హేవ్‌లాక్ వంతెన తెరిచారు. కాలువ వెంట వారాల తరబడి సాగే ప్రయాణం రైలులో రోజులోకి కుదించుకుపోయింది. దూరపు సరుకు, ముఖ్యంగా మద్రాసు వెళ్లేది, క్రమంగా రైలెక్కింది. కాలువల పని ఇక్కడితో అయిపోయిందనుకోవడం మాత్రం పొరపాటు. రైలు స్టేషను నుంచి స్టేషనుకే పోతుంది. ఊరి చావిడి నుంచి మిల్లుకు వడ్లు, మిల్లు నుంచి స్టేషనుకు బియ్యం, ఇటుకలు, పెంకులు, కొబ్బరికాయలు, సున్నపు గుల్ల, సరుగుడు కట్టె, ఉప్పు: ఇవన్నీ ఇంకో యాభై అరవై ఏళ్లపాటు పడవల మీదే తిరిగాయి. పాలగుమ్మి పద్మరాజు ‘పడవ ప్రయాణం’ కథ రాత్రిపూట కాలువ మీద సాగే పడవలో నడుస్తుంది. ఆనాటి పాఠకుడికి ఆ నేపథ్యాన్ని విడమరిచి చెప్పవలసిన అవసరం కథకుడికి రాలేదు.

ఆ సరుకుల జాబితాను మళ్లీ చూస్తే ఒక సంగతి తడుతుంది. అందులో తొందరపడవలసిన వస్తువు ఒక్కటీ లేదు. వడ్లు నాలుగు రోజులు ఆలస్యమైతే చెడవు. ఇటుక పులిసిపోదు. నెమ్మది అంటే వెనకబాటు అని మనం తేలిగ్గా అనేసుకుంటాం. ఈనాటికీ టన్నుల లెక్కన చూస్తే మన రోడ్ల మీద పరిగెత్తే సరుకులో పెద్ద భాగం ఇసుక, కంకర, సిమెంటు, ధాన్యం, ఎరువులు, బొగ్గు. వీటికి గంటకు అరవై కిలోమీటర్ల వేగం ఎందుకో ఎవరూ అడగరు. పాలకూ చేపలకూ మందులకూ వేగం కావాలి, ఇవ్వాలి. నాలుగు రోజుల ముందు బయల్దేరదీసే వీలున్న సరుకుకు కూడా అదే వేగాన్ని డీజిల్ పోసి కొనడం వృథా ఖర్చు. పాత వర్తకుడు గోదాములో నెల సరుకు ముందే నిలవ చేసుకునేవాడు. ఇప్పుడా నిలవ లారీల్లో తిరుగుతూ ఉంటుంది. గోదాము అద్దె మిగిలింది, దానికి బదులు ఇంధనం కాలింది. నిరాడంబర జీవనం అనే మాటకు సమాజం స్థాయిలో అర్థం వెతికితే, నాకు కనిపించేది ఇదే: ఏది తొందరో ఏది కాదో విడదీసుకోవడం.

ఇక్కడ ఒక గట్టి అభ్యంతరం ఉంది, దాన్ని దాటేసి పోకూడదు. చమురు కాలలేదు సరే, మనిషి కాలాడు కదా? ఎండలో వానలో గట్టు వెంట రొమ్ముకు తాడు వేసుకుని నడిచిన కూలీల చాకిరీని పొదుపు పేరుతో కీర్తించడం కడుపు నిండినవాళ్ల వేడుక. ఇంతకంటే చేదు నిజం కూడా ఉంది. మద్రాసులో కూవం, అడయారు నదుల నడుమ బకింగ్‌హాం కాలువ ముక్కను తవ్వించింది 1877–78లో, ధాత కరువు పనుల కింద. ఆ కరువులో బ్రిటిష్ అధికారి సర్ రిచర్డ్ టెంపుల్ సహాయ పనుల కూలీని మగవాడికి రోజుకు ఒక పౌను ధాన్యం, ఒక అణాకు కుదించాడు. దక్షిణ దేశంలో లక్షల మంది చచ్చిపోయిన కాలమది. ఆ కాలువకు పెట్టింది మాత్రం గవర్నరు డ్యూక్ ఆఫ్ బకింగ్‌హాం పేరు. ఇవన్నీ ఒప్పుకోవాలి. ఒప్పుకున్నాక కూడా వాదం చెడదు. కాలువలో పొదుపు నీటి గుణంవల్ల వచ్చింది, కూలీ బాధవల్ల కాదు. అదే పడవకు చిన్న ఇంజను బిగిస్తే తాడు లాగే మనిషికి విముక్తి దొరుకుతుంది, అయినా లారీకి పట్టే డీజిల్‌లో కొద్ది భాగమే ఖర్చవుతుంది. నిజానికి లాంచీలు వచ్చాక జరిగిందీ అదే, సరంగు చుక్కాని పట్టుకుంటే ఇంజను లాగింది. ఇవాళైతే ఆ ఇంజను బ్యాటరీదీ కావచ్చు. కాలువను వదిలేయడంవల్ల కూలీ బతుకు బాగుపడిందనుకోవడం కూడా సరికాదు. ఆ తర్వాత లారీలకు బస్తాలు ఎత్తిందీ చాలావరకు అదే పేదలు.

కాలువలను చంపింది ఎవరు? రైలు అని చెప్పడం అలవాటు. నా లెక్కలో రైలు దూరపు సరుకును తీసుకుంది, చంపింది మాత్రం లారీ, అదీ లారీ గొప్పతనంవల్ల కాదు. 1950ల తర్వాత ప్రభుత్వం రోడ్లు వేసింది, వంతెనలు కట్టింది, వాటి మరమ్మతులు తన నెత్తిన వేసుకుంది. లారీ యజమాని లారీ కొంటే చాలు, దారి సర్కారుది. కాలువల దగ్గర పరిస్థితి తిరగబడింది. పూడిక తీయడం తగ్గింది, లాకుల తలుపులు చెక్క కుళ్లి, ఇనుము తుప్పు పట్టి మూతపడ్డాయి. 1965, 66 సంవత్సరాల తుపాన్లు బకింగ్‌హాం కాలువను దెబ్బతీస్తే మళ్లీ పూర్వస్థితికి తెచ్చే పట్టుదల ఎవరికీ లేకపోయింది. అన్నిటికంటే చడీచప్పుడు లేకుండా జరిగిన హాని వంతెనలది. పడవల కాలంలో కట్టిన వంతెనలు పడవ దూరేలా మధ్యలో ఎత్తుగా ఉండేవి. కొత్తవి చదునుగా, నీటిని ఒరుసుకునేంత కిందికి కట్టారు, అలా కడితే చవక కాబట్టి. ఒక్క చదును వంతెన చాలు, ముప్పై మైళ్ల కాలువ పడవలకు మూసుకుపోవడానికి. చెన్నైలో నగర రైలు స్తంభాలు ఏకంగా బకింగ్‌హాం కాలువలోనే దిగాయి. ఇంత జరిగాక పడవవాడు పోటీలో ఓడిపోయాడనడం న్యాయం కాదు. ఒకడి దారిని ఊడ్చి, ఇంకొకడి దారిని తవ్వేసి పెట్టిన పందెమది.

సాగునీటి ఇంజనీర్లు చెప్పే అభ్యంతరం వేరు. పడవకు కావలసింది లోతు, నిదానం. పొలానికి కావలసింది పారుదల. లాకు ఒక్కసారి తెరిస్తే ఎంతో నీరు దిగువకు పోతుంది. ఎండాకాలంలో మరమ్మతుల కోసం కాలువలు కట్టేస్తారు, ఆ రోజుల్లో పడవలు ఆగిపోతాయి. ఇప్పుడు కృష్ణ డెల్టాకే నీళ్లు కరువైతే ఇక పడవలకెక్కడివి? ఇందులో నిజముంది, పాత రోజుల్లోనూ ఈ తగువు ఉంది. నా జవాబు ఇంతే. లాకునుంచి దిగిన నీరు ఆవిరైపోదు, దిగువ కాలువలోకే పోతుంది, అక్కడి చేలకు పారుతుంది. నష్టమయ్యేది చివరి లాకు దాటి సముద్రంలోకి పోయే నీరే. ఏడాదికి రెండు నెలలు కాలువ మూసుకున్నంత మాత్రాన మిగతా పది నెలలకు విలువ లేకుండా పోదు. అన్ని కాలువలనూ తిరిగి తెరవాలని అనడం లేదు. నీరు నిలిచే చోట, బరువు సరుకు ఉన్న చోట చాలు. ఇదే ఖర్చు రైళ్ల విద్యుదీకరణకు పెడితే మేలు కదా అంటారు ఇంకొందరు. రైలు వెళ్లే చోట తప్పకుండా మేలు. కోనసీమలో పల్లెపల్లెకూ రైలు వెళ్లదు, కాలువ వెళుతుంది. రైలుకూ కాలువకూ పోటీ పెట్టడం కాటన్ చేసిన పొరపాటు, మనం చేయనక్కర్లేదు. రెంటికీ ఉమ్మడి పోటీదారు డీజిల్ లారీ.

లెక్క కావాలంటే దేశీయ జలరవాణా గురించి కేంద్ర ప్రభుత్వం చాలాకాలంగా చెబుతున్నది ఉంది. ఒక లీటరు ఇంధనంతో ఒక కిలోమీటరు దూరం రోడ్డు మీద 24 టన్నులు, రైలు మీద 85 టన్నులు, నీటి మీద 105 టన్నులు కదులుతాయి. మన దేశం వాడే ముడి చమురులో 85 శాతానికి పైగా బయటినుంచి కొనేదే. కాబట్టి ఇది పర్యావరణం గురించిన మంచిమాట ఒక్కటే కాదు, జేబు మాట కూడా. ఈ లెక్క తెలిసే 2008లో కాకినాడ–పుదుచ్చేరి కాలువలను, గోదావరి, కృష్ణ నదుల కొన్ని భాగాలతో కలిపి, వెయ్యి కిలోమీటర్లకు పైగా పొడవున నాలుగో జాతీయ జలమార్గంగా ప్రకటించారు. ప్రకటన అయింది. కాకినాడ నుంచి దక్షిణానికి ఆ పాత దారి పొడవునా సరుకు పడవ నడవడం మాత్రం ఇంకా మొదలుకాలేదు. అడ్డం పడుతున్నవి పాత కథలోని వస్తువులే: చదును వంతెనలు, పూడిక, ఆక్రమణలు, పనిచేయని లాకులు. మరోవైపు 2004 డిసెంబరు 26 సునామీ నాడు తీరం వెంట బకింగ్‌హాం కాలువ ఉన్న చోట్ల అలల ఉధృతిని ఆ కాలువ కొంత మింగిందని శాస్త్రజ్ఞులు రాశారు. పనికిమాలినదని వదిలేసిన దానికి ఇంకా ఎన్ని ఉపయోగాలున్నాయో మనం పూర్తిగా లెక్క కట్టలేదు.

వ్యక్తి పొదుపు వల్ల లాభం లేదని నేననడం లేదు. ఒక ఇల్లు కరెంటు తగ్గించుకుంటే ఆ మేరకు బొగ్గు మిగిలినట్టే. కాకపోతే ఊరంతా ఎంత పొదుపరులైనా వాళ్లు తినే బియ్యం లారీలో వస్తే ఆ డీజిల్ వాళ్ల చేతిలో లేదు. అది ఏ దారిని బాగుచేయాలో, ఏ దారిని పాడుబెట్టాలో నిర్ణయించేవాళ్ల చేతిలో ఉంది. 1852లో ఆ నిర్ణయం దొరలది, ఇప్పుడు మన ఓట్లతో గెలిచినవాళ్లది. గోదావరి, కృష్ణ జిల్లాల్లో రోడ్లు వెడల్పు చేస్తూ కాలువల మీద పాత వంతెనలు తీసేసి కొత్తవి కడుతూనే ఉన్నారు. మీ ఊరి కాలువ మీద ఈసారి వంతెన ప్లాను వేసినప్పుడు, కింద నుంచి పడవ పోయేంత ఎత్తు ఉందో లేదో పంచాయతీలో అడగండి. ఒకసారి కట్టాక యాభై ఏళ్లదాకా దాన్ని మార్చడం ఎవరివల్లా కాదు.